జున్ను అడిగే ముందు దూడ సంగతి అడగండి

చింతామణి పక్క ఊళ్ళో ఆవు ఈనిందని తెలిస్తే చాలు, బెంగళూరు నుంచి మూడు ఫోన్లు వస్తాయి. "జున్నుపాలు ఎత్తిపెట్టండి, ఆదివారం వస్తాము." పెయ్యా, కోడెనా అని అడిగేవాళ్ళు పదిమందిలో ఒకరు. దూడ లేచి నిలబడిందా, పొదుగు పట్టిందా అని అడిగినవాళ్ళను మేమింతవరకు చూడలేదు. ఇంకో వరస కూడా ఇప్పుడు మన కుటుంబాల్లో తయారైంది. వాళ్ళంతా చదువుకున్న పిల్లలు, మంచివాళ్ళే. జున్ను తినడమంటే దూడ నోటికాడి కూడు లాక్కోవడమని, అది పాపమని పెళ్ళి భోజనాల బంతిలో కూడా గట్టిగా చెప్తారు. చెప్పి, మరుసటి పొద్దున రెండు నందిని ప్యాకెట్లు కాచి కాఫీ పెట్టుకుంటారు.

ఈ రెండు వరసలతోనూ మాకు జగడం ఉంది. అన్నలు, వదినలు, చిన్నత్తలు, మేనల్లుళ్ళు ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. కోపమొచ్చినా ఒకసారి చివరిదాకా చదివి తెచ్చుకోండి.

మేము చదివింది కన్నడ మీడియంలో. బాగేపల్లిలో, చింతామణిలో, గుడిబండలో మనవాళ్ళ పిల్లలు చాలామంది కథ ఇదే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కైవారం తాతయ్య కన్నడ సీమలో కూర్చుని రెండు భాషల్లోనూ పాడిన తాలూకా మాది. అందుకని మా రాతలో జున్నుకు బదులు గిణ్ణు అని దొర్లితే పెద్దలు తప్పు పట్టుకోరని నమ్మకం. వినడానికి రెండూ అన్నదమ్ముల్లాంటి మాటలే కదా. హోసూరు దిక్కు పోతే సీంబాలు అంటారు, మరాఠీవాళ్ళు ఖర్వస్ అంటారు. స్వీడన్‌లో ఇదే పాలతో చేసే వంటకానికి కల్వ్‌దాన్స్ అని పేరు, అంటే దూడ నాట్యం. ఫిన్లాండ్‌లో, ఐస్‌లాండ్‌లో కూడా ఇలాంటివి వండుకుంటారు. పశువును కొట్టంలో కట్టేసిన మనిషి ఎక్కడున్నా ఆ మొదటి పాల మీద కన్ను వేశాడన్నమాట. మన తెలుగువాళ్ళను ఒక్కరినే బోనులో నిలబెట్టే పని లేదు.

అసలా పాలు ఎందుకున్నాయి? ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్పుకోవాల్సింది ఉంది.

మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే మాయ గుండా కొంత రక్షణ అందుతుంది. తల్లి రక్తంలో ఉండే యాంటీబాడీలు బిడ్డ రక్తంలోకి దాటుతాయి. ఆవుకు ఆ దారి మూసి ఉంది. ఆవు మాయ కట్టుబాటే వేరు, తల్లి యాంటీబాడీలు దాని గుండా దూడకు చేరవు. కాబట్టి దూడ నేల మీద పడేసరికి దాని రక్తంలో రోగాన్ని ఎదిరించే సరుకు దాదాపు సున్నా. పేడ, మూత్రం, ఈగలు ఉన్న కొట్టంలోకి ఆ ప్రాణి ఒట్టి చేతులతో వస్తుంది. తల్లి ఇవ్వలేకపోయిందంతా మొదటి పాలలో పెట్టి ఉంచుతుంది. మామూలు ఆవుపాలలో నూటికి 12, 13 పాళ్ళు గట్టి పదార్థం ఉంటే, మొదటి పూట ముర్రుపాలలో 24 దాకా ఉంటుంది. మామూలు పాలలో మాంసకృత్తులు నూటికి 3, మూడున్నర. మొదటి పూట పాలలో 14 వరకు ఉంటాయి. అందులో పెద్ద భాగం యాంటీబాడీలే. ఆ పసుపు రంగు, ఆ చిక్కదనం ఊరికే వచ్చినవి కావు. రెండో పూటకే ఆ బలం బాగా తగ్గుతుంది, మూడో పూటకు ఇంకా తగ్గుతుంది, నాలుగైదు రోజులకు అవి మామూలు పాలైపోతాయి.

ఇంకో చిక్కుంది. యాంటీబాడీలను అరిగించకుండా, అలాగే పూర్తిగా రక్తంలోకి లాక్కునే శక్తి దూడ పేగుకు ఉంటుంది కానీ, అది పుట్టిన మొదటి గంటల్లోనే ఎక్కువ. ఆరు గంటలు దాటేసరికి తగ్గుముఖం పడుతుంది, 24 గంటలకు ఆ తలుపు దాదాపు మూసుకుంటుంది. ఆ తర్వాత బిందెడు ముర్రుపాలు తాగించినా అది ఆహారమే, రక్షణ మాత్రం కాదు. అందుకే పశువుల డాక్టర్లు చెప్పే లెక్క ఇలా ఉంటుంది: దూడ బరువులో పదో వంతు పాలు, వీలైతే మొదటి రెండు గంటల లోపల, మళ్ళీ ఎనిమిది, పన్నెండు గంటలకు ఇంకో విడత. ముప్పై కిలోల సీమావు దూడకైతే మొదటి విడతకే మూడు లీటర్లు.

మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి బతికేవాళ్ళము. మా పనిలో "పనిచేస్తోందిలే" అన్న మాటకు విలువ లేదు. ఎప్పుడు చూశావు, ఏం చూశావు, ఎంత వచ్చింది అని రాసుకుంటేనే అది చూసినట్టు. పల్లెలో దూడ విషయంలో ఎప్పుడు అడిగినా వచ్చే జవాబు ఒకటే: "తాగిందిలే." ఎప్పుడు తాగింది? ఎంత తాగింది? చన్ను నోట్లో పెట్టుకుని తల ఊపడమూ తాగడమూ ఒకటేనా? సీమావు దూడ కొన్నిసార్లు పొదుగు దగ్గర గంటసేపు తచ్చాడి, అర లీటరు కూడా తాగకుండా పడుకుంటుంది. చూసేవాళ్ళకు కడుపు నిండినట్టే ఉంటుంది. అందుకని పిండి, కొలిచి, పాలపీక ఉన్న సీసాతో పట్టమంటారు డాక్టర్లు.

ఇప్పుడు మొదటి వరసవాళ్ళ దగ్గరికి వస్తాము. మీరు తినే జున్ను దూడ నోట్లోంచి తీసిందేనా? సీమావు విషయంలో నిజం చెప్పాలంటే, అన్నిసార్లూ కాదు. మంచి ఈతలో ఉన్న సీమావు మొదటి పూటే దూడకు కావాల్సినదాని కంటే ఎక్కువ ఇస్తుంది. దూడ రెండు విడతలు తాగాక కూడా మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని మామూలు పాలలో కలిపి, బెల్లం, మిరియాలు, యాలకలు వేసి ఆవిరి మీద పెడితే ఏ దూడకూ నష్టం లేదు. ఇది ఒప్పుకోకపోతే మా వాదన వాదన కాదు, ఒట్టి అరుపు.

నాటావు కథ వేరు. పూర్వం మన తాతల కొట్టాల్లో ఉన్నవి అవే. రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు ఇచ్చే ఆవు. దాని దూడ పదిహేను, పద్దెనిమిది కిలోలు. దూడకు కావాల్సిన మొదటి లీటరున్నర పోతే మనకు మిగిలేది ఎంత? "మా నాయనమ్మ కాలంలో అంతా ధర్మంగా జరిగేది" అనేవాళ్ళు ఈ చిన్న లెక్క ఒకసారి వేసుకోండి. ఆ కాలంలో దూడకు ఒక మేలు మాత్రం ఉండేది. అది తల్లి దగ్గరే ఉండేది, రెండు చన్నులు మనకు, రెండు చన్నులు దూడకు అని చాలా ఇళ్ళల్లో ఒక వాడుక ఉండేది. ఆ వాడుక పాటించిన ఇల్లు పాటించింది, లేని ఇల్లు లేదు. పాతది కదా అని అంతా పుణ్యం చేసెయ్యొద్దు.

ఆ పాత ఆచారాల్లోనే జున్ను కంటే దూడకు ఎక్కువ కీడు చేసేవి రెండున్నాయి. ఇవి ఇంకా మన పల్లెల్లో బతికే ఉన్నాయి, కాబట్టి గొంతు పెంచి చెప్పాలి.

మొదటిది, మావి పడేదాకా పాలు పిండకూడదు, దూడను వదలకూడదు అనేది. మావి పడటానికి ఎనిమిది గంటలు పట్టొచ్చు, పన్నెండు పట్టొచ్చు. రాత్రి పది గంటలకు ఈనిన ఆవుకు మావి పొద్దున పడితే, అప్పటికి దూడ పేగు తలుపు సగం మూసుకుని ఉంటుంది. మావి పడటానికీ దూడ తాగడానికీ పోటీ ఏమీ లేదు. దూడ చీకితే తల్లి ఒంట్లో ఊరే హార్మోను పాలను కిందికి దింపుతుంది, గర్భసంచిని కూడా ముడుచుకునేలా చేస్తుంది. దూడను దూరంగా కట్టేసి ఆవుకు వెదురాకులు వేసుకుంటూ కూర్చునే పెద్దలకు ఈ సంగతి ఎవరైనా పిల్లలు చెప్పాలి, మెల్లగా.

రెండోది, ఎక్కువ తాగితే పారుకుంటుంది అనేది. ఈ భయంతోనే మొదటి రోజు దూడకు నాలుగు గుక్కలు తాగనిచ్చి తాడు లాగేస్తారు. వారం తిరిగేసరికి దూడకు నిజంగానే పారుడు పట్టుకుంటుంది. "చూశావా, చెప్పాను కదా, ఎక్కువ తాగింది" అంటారు. దానికి పారింది చాలామటుకు రోగక్రిమి వల్ల, ఆ క్రిమిని ఎదిరించే పాలు మొదటి రోజు కడుపులో పడకపోవడం వల్ల. మా పనిలో ఇలాంటిదాన్ని కారణాన్ని తలకిందులుగా రాసిన బగ్ రిపోర్టు అంటాము. అలాంటి రిపోర్టు వస్తే తిప్పి పంపుతాము. పల్లెలో అది తరతరాలుగా పాసై వస్తోంది.

ఇంతకీ మా అసలు జగడం దేనితో? జున్నుతో కాదు, జున్నుపాలకు ఇప్పుడు కొత్తగా కడుతున్న వెలతో.

ఈ తాలూకాలు 2007 దాకా కోలారు జిల్లాలో ఉండేవి, తర్వాత చిక్కబళ్ళాపుర జిల్లా అయ్యాయి. ఏ జిల్లా అయినా ఇక్కడ సంసారం నడిపేవి రెండే, పట్టు, పాలు. వాగులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటి కూడా దుమ్ము కక్కిన ఏళ్ళల్లో పిల్లల ఫీజులు కట్టింది డైరీ బిల్లే. సీమావులను ఈ సీమకు తెచ్చిన ఘనత ఎం.వి. కృష్ణప్పగారిదని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1974లో రాష్ట్రంలో డైరీ కార్పొరేషన్ మొదలై, తర్వాత అదే కె.ఎం.ఎఫ్. అయింది. ఊరూరా సంఘం, సంఘంలో పొద్దునా సాయంకాలమూ క్యాను, కొవ్వు చూసే మిషను. డైరీకి పోసిన పాలకు ప్రభుత్వం లీటరుకు 5 రూపాయల ప్రోత్సాహధనం కూడా వేస్తుంది. మన కుటుంబాల్లో ఈ పాల డబ్బుతో ఇంజినీరైనవాళ్ళు ఎంతమందో లెక్క తీస్తే మీకే తెలుస్తుంది.

ఆ డైరీ ఏ రోజూ తీసుకోనిది ఒక్కటుంది, ఈనిన మొదటి రోజుల పాలు. కాస్తే విరుగుతాయి, ఒక్క క్యాను పోస్తే మిగతా పాలు కూడా చెడతాయి. ఆహార భద్రత నియమాల్లోనూ పాలంటే ముర్రుపాలు కలవనివని రాసి ఉంది. సంఘం సెక్రెటరీకి దూడ మీద ప్రేమ ఉండి కాదు, పాలు విరుగుతాయని వద్దన్నాడు. కానీ దానివల్ల ఏం జరిగిందో చూడండి. పేద రైతు కొట్టంలో నాలుగైదు రోజులు ఆ పాలకు పైసా రాదు. పైసా రానిది పిండుకుని ఏం చేస్తాడు? దూడ తాగింది పోగా మిగిలింది ఇరుగుపొరుగుకు చెంబుతో పంపిస్తాడు. మా ఇళ్ళల్లో జున్నుపాలు అమ్మకూడదన్న కట్టుబాటు గట్టిగా ఉండేది. పాలు అమ్మొచ్చు, పెరుగు అమ్మొచ్చు, జున్నుపాలు మాత్రం పంచాలి. ఆ చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు ఒట్టిగా ఇవ్వకుండా కాసిన్ని బియ్యమో బెల్లం ముక్కో వేసి ఇచ్చేవాళ్ళు. వెల లేకపోవడమే ఆ పాలకు కంచె. ఆ కంచె లోపల దూడ తాగింది.

ఇప్పుడా కంచెకు గండి పడింది. బెంగళూరులో అపార్ట్‌మెంటు వాట్సాప్ గుంపుల్లో "అసలైన ఆవు గిణ్ణుపాలు, ఈరోజే పిండినవి" అని ప్రకటనలు. ధర మామూలు పాలకు కొన్ని రెట్లు. మొదటి పూట పాలైతే ఇంకో ధర, ఎందుకంటే గట్టిగా తోడుకునేది అవే. ఇక పొడి చేసి, గొట్టాల్లో నింపి, డబ్బాల్లో అమ్మేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇప్పుడు మన బాగేపల్లి రైతును ఊహించుకోండి. బూసా మూట ధర నెలనెలా పెరుగుతుంది, బోరు ఎండింది, ఆవు రాత్రి ఈనింది. పొద్దున ఆరున్నరకు బైకు మీద ఒకడు వచ్చి మొదటి పూట పాలకు నోటు చూపిస్తున్నాడు. దూడకు మూడు లీటర్లు కొలిచి పట్టాక మిగిలినదే అమ్ముదామని ఆ రైతు అనుకోవాలంటే అతడు మహాత్ముడు కావాలి. మేమూ కాదు, మీరూ కాదు, అతడొక్కడే ఎందుకు కావాలి? పైగా దూడ కోడెదైతే? ఆ మూడు లీటర్లు దానికి పట్టడం అతడి లెక్కలో ఒట్టి దండగ.

కొనేవాళ్ళను అడిగితే ఒకటే మాట, ఇమ్యూనిటీ. ఆ మాట మీద కూడా ఒక్క నిమిషం ఆగాలి. పాలు కాస్తే విరిగి గడ్డ కట్టేది ఎందుకు? వాటిలోని యాంటీబాడీలు, మిగతా మాంసకృత్తులు వేడికి చెడి ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల. దూడలకు పట్టే ముర్రుపాలను క్రిములు పోవడానికి వేడి చేసేచోట కూడా 60 డిగ్రీల దగ్గర ఆపేస్తారు, దాటితే యాంటీబాడీలు పాడవుతాయి, పాలు ముద్దగా మారతాయి. అంటే మీ ఇడ్లీపాత్రలో జున్ను ఎంత బాగా గట్టిపడితే, మీరు కొన్న ఇమ్యూనిటీ అంత బాగా చచ్చిపోయిందన్నమాట. ప్లేటులో కదలకుండా నిలబడిన ఆ ముక్కే దానికి సాక్ష్యం. రుచి ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, అంతవరకే. మరి వేడి తగలని పొడి తింటే? దూడ పేగులా తలుపు తెరుచుకుని యాంటీబాడీలను రక్తంలోకి తీసుకునే గుణం పెద్ద మనిషి పేగుకు లేదు. మనకు చాలామటుకు అది మాంసకృత్తే, పప్పులాగే అరుగుతుంది. ఫలానా క్రిమికి టీకా వేసిన ఆవుల ముర్రుపాలతో ఆ క్రిమికే మందు చెయ్యడం వేరే సంగతి, అందులో పరిశోధన ఉంది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర సీసాలో కొనేదానికీ దానికీ సంబంధం లేదు. పచ్చిగా తాగితే బ్రుసెల్లా లాంటి రోగాలు పశువు నుంచి మనిషికి రావచ్చు, అదొకటి గుర్తుంచుకోండి.

ఇమ్యూనిటీ మాట వచ్చింది కాబట్టి మన ఇళ్ళ సంగతి ఒకటి దాచకుండా అడగాలి. ఆవు ముర్రుపాలకు ఇంత పండగ చేసుకునే ఇళ్ళల్లోనే తల్లి ముర్రుపాలను ఏం చేసేవాళ్ళు? పిండి పారబోసేవాళ్ళు. పసుపుపచ్చగా ఉన్నాయి, చెడ్డపాలు, బిడ్డకు అరగవు అని. మూడో రోజు దాకా బిడ్డ నాలుక మీద తేనె, చక్కెర నీళ్ళు, ఆముదం. ఆవు పసుపుపాలు అమృతం, అమ్మ పసుపుపాలు విషం! ఎవరు కుదిర్చారో ఈ లెక్క. పుట్టిన గంట లోపల బిడ్డకు రొమ్ము ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాటి నుంచో చెప్తోంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద అలా గంట లోపల తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 41.8 మంది. సగం కూడా లేరు. ఇప్పుడు ఆసుపత్రి కాన్పులే ఎక్కువ, నర్సులు చెప్తారు, చాలా మారింది. అయినా పక్కన కూర్చున్న పెద్దమ్మ చేతిలో తేనె సీసా ఇంకా కనబడుతూనే ఉంది. పెద్దమ్మా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాము. ఆ సీసా మూత పెట్టెయ్యండి. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు పెట్టకూడదు.

ఇక రెండో వరస, జున్ను పాపమనే పిల్లలు. మీ కరుణ మాకు నచ్చింది. కానీ మీరు కాపలా కాసే చోటు తప్పు. జున్ను రోజుల్లో డైరీ పాలు తీసుకోదు కాబట్టి ఆ నాలుగైదు రోజులే దూడకు కడుపు నిండే రోజులు. దాని అసలు కష్టకాలం ఆరో రోజు పొద్దున, మొదటి క్యాను డైరీకి పోయే పూట మొదలవుతుంది. ఆ రోజు నుంచి దూడ తాగే ప్రతి లీటరూ డైరీ పుస్తకంలో రాని లీటరు. సీమావు పది లీటర్లు ఇస్తే దూడకు మూడు అవసరం. ఆ మూడు ఎన్ని ఇళ్ళల్లో పడుతున్నాయి? ప్యాకెట్ పాలు, పెరుగు, నెయ్యి, మైసూరుపాకు, ఇవన్నీ ఆ లెక్కలో మిగిలినవే. ఏడాదిలో ఒక్కసారి తినే జున్ను ముక్క మీద మీరు వేసే శాపం, రోజూ తాగే కాఫీకి వర్తించదా? పాలే మానేశామనేవాళ్ళు ఉంటే వాళ్ళకు మా నమస్కారం. వాళ్ళ మాటకు నిలకడ ఉంది, వాళ్ళతో ఈ జగడం లేదు.

కోడెదూడ సంగతి ఇంకా ఘోరం. పూర్వం కోడె పుడితే దుక్కికి, బండికి పనికొచ్చేది. సంతలో దానికి ధర పలికేది. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, ఆవుకు కట్టించేది ఇంజెక్షను. సీమకోడెను ఎండలో నాగలికి కడితే అది ఒక పూట కూడా నిలవదు. కాబట్టి ఆ కోడె పుట్టిన రోజు నుంచి ఇంటికి ఖర్చు. గోహత్యను పూర్తిగా ఆపాలని 2020లో మన రాష్ట్రం చట్టం చేసింది. దాని మంచిచెడ్డలు వేరేవాళ్ళు మాట్లాడుకోనీ. మాకు కనబడేది ఇంతే: కొయ్యకూడదని చట్టం ఉంది, పాలు పట్టాలని ఏ చట్టమూ లేదు. పాలు పట్టకుండా ఎండగట్టిన దూడ నాలుగు వారాల్లో తానే పోతే అది ఏ లెక్కలోనూ రాదు. దాన్ని హత్య అనేవాడు లేడు. ఆడదూడలే ఎక్కువగా పుట్టేలా వేరు చేసిన వీర్యం ఇప్పుడు దొరుకుతోంది, పదికి తొమ్మిది పెయ్యలే పుడతాయంటారు. అది వాడమని మన ఊళ్ళల్లో చెప్పడం జున్ను తినొద్దని చెప్పడం కంటే వంద రెట్లు కరుణ గల పని. వినడానికి అంత అందంగా ఉండదు, అంతే.

మరి మీరేమంటారు, తినమంటారా వద్దంటారా అని అడిగితే, మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి చెప్తాము. మొదటి పూట పిండినది దూడకే, కొలిచి. రెండో విడత కూడా దూడకే. దానికి వాకిట్లో ఎవరు నిలబడి ఉన్నా సరే, అల్లుడైనా, ఆఫీసరైనా. ఆ తర్వాత మిగిలితే జున్ను. మొదటి పూట పాలు ఒక గ్లాసుంటే మూడు గ్లాసుల మామూలు పాలు కలిపినా గట్టిపడుతుంది కాబట్టి ఇంటిల్లిపాదికీ ఒక గ్లాసు మిగులు చాలు. రెండో రోజు పాలైతే పాళ్ళు తగ్గించుకోవాలి, కాస్త మెత్తగా వస్తుంది, రుచికి లోటు లేదు. నాటావుకైతే జున్ను ఆశ పెట్టుకోకండి. అమ్మకం అసలు వద్దు, కొనడం అంతకంటే వద్దు. జున్ను తినాలనిపించి ఊరిలో ఆవు లేనివాళ్ళు పాలు, కోడిగుడ్లతోనో చైనాగ్రాస్‌తోనో చేసుకోండి. అది జున్ను కాదని మాకూ తెలుసు. ఏం చేస్తాం.

ఆ పాల బలం తెలుసుకోవడానికి మన చిక్కబళ్ళాపురం దిక్కున ఒక సులువుంది. ద్రాక్షతోటల వాళ్ళ దగ్గర కాయ తీపి చూసే చిన్న గొట్టం, రిఫ్రాక్టోమీటరు, ఉంటుంది. ఒక చుక్క రసం వేసి వెలుతురులో చూస్తారు కదా, అదే. దాని మీద ఒక చుక్క ముర్రుపాలు వేస్తే 22 గానీ అంతకంటే ఎక్కువ గానీ చూపిస్తే ఆ పాలలో యాంటీబాడీలు బాగా ఉన్నట్టు లెక్క. తక్కువ చూపిస్తే దూడకు ఇంకొంచెం ఎక్కువ పట్టాలి. వాడాక కడిగి తిరిగి ఇవ్వండి, లేకపోతే వచ్చే ఏడు ద్రాక్ష కూడా పంపరు.

ఇంకొక్కటి. మంచి సీమావు మొదటి పూట పాలు మిగిలితే బస్సులో బెంగళూరికి పంపేకంటే ఒక లీటరు ఫ్రిజ్‌లో పైన గడ్డకట్టే అరలో పెట్టండి. ఇప్పుడు ఫ్రిజ్ లేని ఇల్లు మన ఊళ్ళల్లో తక్కువ. బాగా చల్లగా ఉంటే నెలల తరబడి చెడదు. ఏ అర్ధరాత్రో పక్కింటి ఆవు ఈనుతూ చనిపోతే, లేదా తొలిచూలు పడ్డకు పాలు దిగకపోతే, ఆ దూడకు ఆ రాత్రి దొరికే మందు అదొక్కటే. రోగం లేని, ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలే పెట్టండి. సీసా కడిగి, వేడినీళ్ళతో తొలిచి, ఏ ఆవు, ఏ తేదీ, ఎన్నో పూట అని మీద రాసి అంటించండి. కన్నడలో రాసినా తెలుగులో రాసినా సరే, ఇంట్లో అందరికీ చదవడం రావాలి. కరిగించేటప్పుడు మరిగే నీళ్ళలో ముంచకండి, చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగిన వేడి చాలు. తొందరపడితే సీసాలోనే జున్ను తయారవుతుంది.